బురదకు ఐసు

మే నెల పద్దెనిమిది. నల్గొండల నలభై నాలుగు డిగ్రీలు.
పొద్దుగాల పదింటికే కరెంటు పోయింది.
ల్యాబుల ఫ్రిజ్ ఒక్కపారి గురకపెట్టి
ఊకుండిపోయింది.

థర్మకోల్ పెట్టెల పన్నెండు గాజు గొట్టాలు.
ఉత్తరాన మంచు కరిగి ఏరయ్యే దేశం నుంచి
మూడు విమానాలు మారి వచ్చిన
సముద్రం అడుగు.
నాలుగు డిగ్రీలు దాటితే అందులున్నోళ్ళు చచ్చిపోతరు.
అంతకన్న అన్యాయం,
వాళ్ళ జాగల ఇంకెవరో లేస్తరు.

పెట్టె ఒళ్ళె పెట్టుకొని స్కూటీ మీద
గడియారం సెంటర్ దాటి
చేపల మార్కెట్ ఎనక జానిమియా ఐసు దుకాణం.
"ఏం చేప మేడం? రవ్వా, బొచ్చెనా?"
"చేప గాదు. బురద."
సువ్వ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగింది.
"బురదకు ఐసా?"

ఎట్ల చెప్పాలె?
ఆరు గొట్టాలు డెల్టావి.
కొండను పిండి లెక్క ఇసిరి
నది తెచ్చి కుమ్మరించిన చోటు.
అంగడి నాటి సందడి అక్కడ:
మట్టిల పుట్టినోళ్ళు, మంచినీళ్ళోళ్ళు,
ఉప్పుకు అలవాటైనోళ్ళు,
కొత్త బురద మీద పడంగనే
పాతోళ్ళు సర్దుకొని కూసుంటరు.

ఆరు ఫ్యోర్డువి.
రెండు కొండల నడుమ
సముద్రం దూరి ఇరుక్కున్న సందు.
మూతి కాడ రాతి గడప, లోపల కదలని నీళ్ళు.
అడుగున గాలి అందదు.
అక్కడోళ్ళు ఉప్పుల గంధకాన్నే పీల్చుకుంట బతుకుతరు.
ఒక్కటి రెండయ్యేటందుకు
ఏండ్లకేండ్లు పడుతదట.
తొందర లేని సంసారం.

మూత వదులైన గొట్టం ఒకటి
జానిమియా ముక్కు కాడ పెట్టిన.
కుళ్ళిన గుడ్డు వాసన.
"ఇది మూసీయే గదా," అన్నడు,
"వాడపల్లి కాడ కృష్ణల కలిసేది."
నవ్వొచ్చింది. తప్పు అనలేకపోయిన.
మొన్న వాడపల్లి బురద చూసిన నేను,
గంధకం తినేటోళ్ళు అందులనూ ఉన్నరు,
ఎండకు కాలిన దూరపు చుట్టాలు.

"సాగర్ లోతుల?" అని అడిగిండు.
"అక్కడ ఇంకో తీరు ఉండాలె. ఇంకా చూడలే."

ఐసు మీద ఊక దులుపుకుంట
చానసేపు మాట్లాడలే.
"మా తాతది ఏలేశ్వరం.
డ్యాం కట్టంగ మునిగింది.
ఇప్పుడు ఆయన ఇంట్ల
ఎవరుంటున్నరో చెప్పుతదా నీ మిషిను?"

పది కిలోలు తూచిండు, రెండు కిలోలు కొసరు.
రసీదుల ఏం రాయాలె అన్నడు.
బురద అంటే ఆఫీసోళ్ళు పైసలియ్యరు.
చేపలకు, అని రాసిండు.

నాలుగింటికి కరెంటొచ్చింది.
ఫ్యోర్డు వరుసల సగానికి పైన
మిషిను ఇచ్చిన జవాబు ఒక్కటే:
పేరు తెల్వదు. పేరు తెల్వదు.

వానలు పడకముందే
ఏలేశ్వరం మునిగిన కాడికి పడవ మాట్లాడాలె.
నా కాడున్న తాడు చాలదంటున్నరు.