ఎనిమిది గంటల గాలి

"ఎవరెవరిని కలిశావు?" అని అడగను.
ఆ ప్రశ్నని పోలీసులు ఎప్పుడో అరగదీశారు.
"ఎవరి పక్కన నిద్రపోయావు,
ఎవరితో కిటికీలు మూసుకుని కూచున్నావు?" అంటాను.
స్పీకరు ఫోనులో దుబాసీ
నా మాటని తిగ్రిన్యాలోకి మోసుకెళ్ళి
అతని మౌనాన్ని ఇంగ్లీషులో తెచ్చి పెడుతుంది.

లూటన్‌లో ఫిబ్రవరి.
నెత్తిమీంచి విమానం దిగిన ప్రతిసారీ
కిటికీ అద్దానికి చలిజ్వరం.
ఫిల్మోన్‌కి పదిహేడేళ్ళు.
మాత్రలు మొదలై మూడు వారాలు.
ఉచ్చ నారింజ రంగులో వస్తోందని చెబుతూ
పోయిన మంగళవారం మొదటిసారి నవ్వాడు.

నా కాగితం మీద వృత్తాలుంటాయి.
లోపలి వృత్తంలో యోనాస్, గది పంచుకున్నవాడు.
ముంజేతికి సూది గుచ్చి రెండు రోజులాగి చూస్తే
చింతగింజంత దద్దు.
స్కేలు పెట్టి కొలిచాను, పదిహేడు మిల్లీమీటర్లు.
ఇది జబ్బు కాదు నాయనా, నిద్రపోతున్న విత్తు
అని తెలుగులో అనుకుని
ఇంగ్లీషులో వేరే ఏదో చెప్పాను.

వంటింట్లో ఫిల్మోన్ కప్పు వేరే ఉంది.
పిడికి ఎర్ర టేపు చుట్టారెవరో.
కొత్తగూడెం క్వార్టర్సులో మా మేనత్త గ్లాసూ అంతే,
గూట్లో బోర్లించి, అడుగున మేకుతో గీసిన గీత.
ఆవిడకి నయమైంది.
గీతకి కాలేదు.
టేపు పీకేసి ఆ కప్పులోనే టీ అడిగాను.
పంచదార మరీ ఎక్కువేశాడు.

"ఇంకెవరైనా?"
చాలాసేపటికి దుబాసీ గొంతు,
"లారీ అంటున్నాడు."

ఉల్లిపాయల లారీ. నవంబరు.
పద్నాలుగు మంది, పంతొమ్మిది గంటలు.
అప్పటికే దగ్గు ఉందా?
ఉంది.
దగ్గొచ్చినప్పుడల్లా ఎవరో అరచేత్తో
అతని నోరు మూసేవారు,
బయట కుక్కలకి వినబడకుండా.
ఆ చెయ్యి ఎవరిది?
తెలీదు. చీకటి.
పెదవికి ఉంగరం చల్లగా తగిలేది.

ఎనిమిది గంటలు అంటుంది మా నిబంధన.
ఒకే గాలిని అంతసేపు పీల్చినవాళ్ళని
వదలకుండా వెతకాలి.
పెళ్ళి పిలుపులకి కూడా ఇంత గట్టి లెక్క లేదు.
ఆ లెక్కన ఇతనికి పద్నాలుగు మంది చుట్టాలు,
ఒక్కరి ఇంటిపేరూ తెలీదు.

గడులున్నాయి కాగితంలో. పేరు, పుట్టిన తేదీ, చిరునామా.
ఉంగరం అని రాశాను.
బకెట్టు పక్కన ప్రార్థన చేసుకున్న పెద్దాయన అని రాశాను.
చంటిపిల్ల, ఏడవలేదు, అని రాశాను.
మా పై అధికారి చదివి కళ్ళద్దాలు తీసింది.
"దీన్ని కంప్యూటరు తీసుకోదు, హైమా."

చంటిపిల్ల.
ఆ మాట దగ్గరే తెగిపోయేది నా నిద్ర.
అంత చిన్న ఒంట్లో ఆ విత్తు
నిద్రపోతుందన్న నమ్మకం లేదు.

మార్చిలో ఒక శుక్రవారం
మాత్రల డబ్బా గళ్ళు నింపుతుంటే
పగిలిన తెర ఫోను నా ముందుకి తోశాడు.
తమవాళ్ళ గ్రూపులన్నిట్లో నెలంతా అడిగాడట,
నవంబరు, ఉల్లిపాయలు, ఏడవని పిల్ల అని.
నా పని నాకన్నా బాగా చేశాడు.

తల్లి లెతెబ్రహాన్. లీడ్స్.
ఉంగరం ఆవిడది కాదట.
"పిల్ల పేరు?"
దుబాసీ కోసం ఆగలేదు, తన ఇంగ్లీషులోనే అన్నాడు,
"పేరు అడగలేదు. దగ్గుతోందా అని అడిగాను."
"దగ్గుతోందా?"
తెర మీద ఆ ప్రశ్న కింద
ఇంకా ఏమీ లేదు.

లీడ్స్ క్లినిక్‌కి ఫోను కలిపాను.
మోగుతోంది.
విమానం ఒకటి దిగింది, అద్దం వణికింది.
రెండోసారి మోగింది.
అతను లేచి కిటికీ తెరిచాడు.