తలుపునకు అంటించితిని

"అప్పు అబద్ధం కాదు, ముందదే రాసీండి బాబూ"
అంది తెడ్డు ఎల్లయ్యమ్మ.
టైపు మిషను మీద నా వేళ్ళు ఆగిపోయాయి.
ఎదుటి పార్టీ చేతికి మనమే ఇచ్చే మాట అది.
ప్లీడరు గారు కళ్ళజోడు తుడుచుకుని
"రాయవయ్యా" అన్నారు.

రాశాను.
బోటు ఇంజనుకి రెండు లక్షలు, ప్రోనోటు మీద.
మొగుడిది సంతకం, ఆవిడది ఎడమ బొటనవేలు.
డిక్రీ నాటికి నాలుగు లక్షల ముప్పై వేలు.
సముద్రానికి ఆటూ పోటూ రెండూ ఉన్నాయి,
వడ్డీకి పోటు ఒక్కటే.

పెద జాలారిపేటలో అరవై గజాలు,
రేకుల ఇల్లు, ముందు వల ఆరేసే జాగా.
ఎవరినడిగినా పద్దెనిమిది లక్షలంటారు.
వేలంలో ఐదు లక్షల పదివేలకి పోయింది.
పాడుకున్నవాడు డిక్రీదారు బావమరిది,
పోటీగా పాడినవాడు డిక్రీదారు కారు డ్రైవరు.
మూడో పాట లేదు.

"అంత పాట పాడితే నాకినపళ్ళేదేటి?
దండోరా అయినా ఇనపడాల గదా."

కాగితాల్లో అన్నీ వినపడ్డాయి.
అమీను రిపోర్టు, రెండువేల పధ్నాలుగు, అక్టోబరు పద్దెనిమిది:
"డప్పు వేయించితిని. పలువురు వినిరి.
వేలం ప్రకటనను ఇంటి వీధి తలుపునకు అంటించితిని."
కింద డప్పు కూలి రసీదు, వంద రూపాయలు,
గురువులు వేలిముద్ర.

మూడుసార్లు చదివాను.
తుఫాను వచ్చింది పన్నెండున.
పద్దెనిమిదిన నేనెక్కడున్నాను?
కంచరపాలెంలో, ట్యాంకరు కోసం, రెండు ఖాళీ బిందెలతో.
ఊళ్ళో కరెంటు లేదు.
కైలాసగిరి, కాలి ఆరిన అగ్గిపుల్లల కట్ట.

"అమ్మా, ఆ రోజు మీ వీధి తలుపు..."
"తలుపేటి బాబూ! ఆదోరం నాడే ఎగిరిపోనాది.
రేకులు ముందెల్లినాయి, వాటెనకాల తలుపు.
నాగులచవితి దాకా నా పాత కోకే తలుపు."

ప్లీడరు గారు చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత, ఆర్డరు ఇరవై ఒకటి, రూలు తొంభై అని
పైన టైపు చేయమన్నారు.

క్రాసు రోజు.
"తలుపుకే అంటించారా?"
"అవునండి."
"దేంతో?"
"మైదా జిగురండి."
"తలుపు ఏ రంగు?"
అమీను ఫ్యాను వైపు చూశాడు.
రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి,
ఆ వారం ఆయనింటి ప్రహరీ కూడా కూలిందట.
"నీలమండి."
జాలారిపేటలో సగం తలుపులు నీలమే.

వెనక బెంచీలోంచి ఎల్లయ్యమ్మ లేచి నిలబడింది.
ఆపేవాళ్ళు ఆపేలోపే అనేసింది.
"నిజవే బాబూ, నీలవే.
ఏ ఒడ్డున సూసినావో సెప్పు,
ఎల్లి తెచ్చుకుంతాను."

కోర్టులో ఎవరూ నవ్వలేదు.
స్టెనో రాయాలా వద్దా అని జడ్జీ గారి వైపు చూసింది.

గురువులు మరో వాయిదాకి వచ్చాడు.
డప్పు నీళ్ళు తాగి మెత్తబడిపోయిందనీ
మంట మీద కాచినా పలకలేదనీ చెప్పాడు.
"మరి రసీదు?"
"ఆ వారం ఒవురు వందిచ్చినా ఏలేసీవోణ్ణి బాబూ."
తల వంచుకునే దిగిపోయాడు.

ఉత్తర్వులు రిజర్వు చేశారు.
మా ఆఫీసులో ఆ ఫైలు
బీరువా ఎక్కలేదు, బల్ల దిగలేదు.

నిన్న వకాలత్తు కాగితం మీద ముద్ర కోసం వెళ్ళాను.
పగిలిన బోటు పలకలతో కొత్త తలుపు చేయించింది,
బోటు నంబరులో చివరి మూడంకెలు ఇంకా కనిపిస్తున్నాయి.
మధ్యలో, నిలబడి చదివే ఎత్తున, ఒక మేకు.

"ఎందుకమ్మా ఇది?"

"మళ్ళీ కాయితం పట్టుకొస్తారేమో బాబూ.
జిగురెందుకు, దీనికి తగిలించమను.
నేనింట్లోనే ఉంతాను."