గోడ అవతలి గొంతు

నేను మంత్రసానిని.
నారిన్ నది ఒడ్డున మూడు వందల పద్నాలుగు మంది
మొదట తగిలింది ఈ చేతులకే.
గుర్రాలు మాత్రం కల్మూర్జా వంతు.

ఆ చలికాలం మంచుగడ్డ మీద జారి పడి
అతని తుంటి విరిగింది.
అందుకే ఏప్రిల్‌లో, ఆకాశం ఇంకా మంచు రాలుస్తుండగా,
చూడి గుర్రం కాలితో నేల గీరిన రాత్రి
లాంతరు పట్టుకుని కొట్టంలోకి వెళ్ళింది నేను.

కొట్టానికీ ఇంటికీ ఒకటే గోడ.
అవతల మంచం మీంచి కేక:
"ముందు రెండు కాళ్ళు, వాటి మీద ముక్కు! కనబడ్డాయా?"
కనబడ్డాయి.
ఏట్లోకి దూకేవాడిలా చేతులు చాపుకుని వస్తోంది.
"లాగకు! అది ముక్కినప్పుడే లాగు!"
నాకా చెప్తున్నావు, అన్నాను.

గిట్టల కింద మెత్తగా, పుట్టగొడుగు అడుగున ఉండే రేకుల్లాంటివి.
కడుపులో తల్లి చిరగకుండా
ఎవరు తొడిగారో ఆ జోళ్ళు.
నాలుగుసార్లు కూలబడి, ఐదోసారి
నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పెట్టి నిలబడింది.
పొదుగు అనుకుని నా మోచేతిని చీకింది.
"ముర్రుపాలు తాగిందా? మాయ పడిందా?
బొడ్డుకి అయోడిన్..."
మూడు వందల పద్నాలుగు బొడ్లయ్యా!

మంచం కిటికీ దగ్గరికి జరుపుతాను, చూద్దువు, అంటే
"గుర్రాన్ని పడుకుని చూడను" అన్నాడు.

తొమ్మిదో రోజు పిల్లకి విరేచనాలు.
"తల్లి ఎదకొచ్చిందిలే. తోక కింద నూనె రాయి" అంది గోడ.

జూన్‌లో కొండ మీది మేతకి
లారీలో అతన్నీ ఎక్కించాం.
టోపీ ముఖం మీదికి లాక్కున్నాడు, మొండి.
గుడారం పక్కనే గుంజలకి తాడు కట్టి
పిల్లని కట్టేశాను.
రెండు గుక్కలు తాగనిచ్చి, మూతి లాగేసి,
మిగతా పాలు పిండి, తోలుసంచిలో పులియబెట్టి
అతని ఎముకకి పోశాను.
అది నన్ను చూసే చూపుకి
తల తిప్పుకునేదాన్ని.

నవంబరులో పాలు మాన్పించాలి.
తల్లిని ఏరు దాటించాను.
మూడు రాత్రులు అటూ ఇటూ సకిలింపులు.
బొడ్డు కోశాను గానీ
తల్లీబిడ్డల్ని నేనెప్పుడూ విడదీయలేదు.
నాలుగో రాత్రి గోడ అవతల అతను
ఏదో పాత లెక్క చెబుతున్నట్టు
తన గుర్రాలన్నిటి పేర్లూ వరసగా చెప్పుకుంటూ పోయాడు.
పిల్ల ఊరుకుంది. నేను నిద్రపోయాను.

చలికాలమంతా దాణా, గడ్డి, ఐసు పగలగొట్టిన నీళ్ళు.
రోజుకోసారి నాలుగు కాళ్ళూ ఎత్తి పట్టుకోవడం.
భుజం కరిచింది, పదిరోజులు నలుపు.
నా తలగుడ్డ సగం తినేసింది.
కులునుమ్ అంటాం మేం పసివాళ్ళని,
నా గుర్రప్పిల్లా అని.
దీన్ని ఏమని పిలవాలో తెలియక
అదే అనేదాన్ని.

మళ్ళీ ఏప్రిల్. జూలు కత్తిరించే రోజు.
రెండు కర్రల మీద కల్మూర్జా గడప దాటాడు.
దగ్గరికి పోకు, నువ్వెవరో దానికి తెలీదు, అన్నాను.
అతను దగ్గాడు.
రెండు చెవులూ ఒక్కసారి అటు తిరిగాయి.
నన్ను దాటుకుని వెళ్ళి
అతని కోటు గుండీల మీద ముక్కు ఆనించింది.
అతను చాలాసేపు కదల్లేదు.

ఆ తర్వాత వంగి చూసి,
"ముందు ఎడమ గిట్ట వంకరగా అరుగుతోంది,
చూసుకోలేదా?"

మొదటి కత్తెర అతనికే ఇద్దామనుకున్నదాన్ని,
నేనే వేశాను.