మాట అందించేవాణ్ణి

ముప్ఫై రెండేళ్ళు ఆమె ఎడమ చెవికి
నేను మాట అందించాను.
తెర పక్కన, తాళ్ళ మధ్య, స్టూలు మీద కూచుని,
ఒళ్ళో నోటు పుస్తకం, పుస్తకం మీద టార్చిలైటు.
జనానికి ఆమె మొహం తెలుసు,
నాకు ఊపిరి తెలుసు.

కంచర్ల స్వరాజ్యం.
యాభై దాటాక కూడా పోస్టరు మీద 'కుమారి' అనే వేసేవాళ్ళు.
"వెయ్యనీవోయ్, కాంట్రాక్టరుకి అదో సరదా" అనేది
సవరం విప్పుకుంటూ.

మొదట చూసింది గుంటూరు కొత్తపేటలో,
పొగాకు గోడౌను వెనక రేకుల షెడ్డులో.
రాజు వేసేవాడికి కామెర్లొస్తే
ఆ పూటకి మీసం ఈ పిల్లకి అంటించారు.
పదిహేడేళ్ళు. చెమటకి మీసం జారిపోతుంటే
పైపెదవితో నొక్కిపట్టి పద్యం ఎత్తుకుంది.
మూడో పాదానికి షెడ్డు రేకులు మోగాయి.
ఒన్స్ మోర్ అన్నారు, పాడింది.
మళ్ళీ ఒన్స్ మోర్.
ఈసారి మీసం పీకి నడుములో దోపుకుని పాడింది.
ఒక్కడు నవ్వితే ఒట్టు.

ఫాల్గుణం వస్తే మిర్చి యార్డు వైపు వెళ్ళేది కాదు.
రిక్షాని ఊరంతా తిప్పి, ముక్కుకి తడి తువ్వాలు కట్టి,
"అన్నం పెట్టే ఊరే, మూడు నెలలు గొంతు పట్టుకుంటుంది" అనేది.
దగ్గితే పక్కకి తిరిగి దగ్గేది,
హార్మోనియం మస్తానుకి వినపడకుండా.

బెజవాడ గాంధీనగరంలో
ఏదో సినిమా పంపిణీ ఆఫీసు మెట్లెక్కి
అట్నుంచటే మద్రాసు రైలెక్కేసింది.
అక్కడ పేరు రూపలత.
పాట ఇంకొకామెది, పెదవులు ఈమెవి.
రికార్డు తిరుగుతుంటే నోరు కదపాలిట.
"ఇంత గొంతు పెట్టుకుని మూగనోము పట్టాను" అని కార్డు రాసింది.
నాలుగు సినిమాలు. ఐదోదానికి లావన్నారు.
ఆ తర్వాత చీకటి గదిలో
అరవ అత్తగార్లకి తెలుగు నోరిచ్చింది.
ఏడుపుకొక రేటు, కేకకొక రేటు.

మొహం ఉన్నచోట గొంతు లేదు,
గొంతు ఉన్నచోట మొహం లేదు.
తొమ్మిదేళ్ళకి రెంటినీ మూటగట్టుకుని
బెజవాడ ఆరో నంబరు ప్లాట్‌ఫారం మీద దిగింది.
దించుకోడానికి నేనొక్కణ్ణే వెళ్ళాను.
"పుస్తకం ఉందా?" అంది.
ఇంకేం మాట్లాడలేదు, వంతెన దాటేదాకా.

ఆ తర్వాత ఆడినవి లెక్కపెట్టలేదు.
టీవీలొచ్చాయి. రాత్రంతా ఆడే నాటకం
రెండు గంటలకి కుదించమన్నారు.
ఏ పద్యం తీసేద్దాం అని ఆమే నా పుస్తకంలో గీతలు కొట్టేది,
ఎప్పుడూ తనవే.

ఆఖరిది బెజవాడలో, కృష్ణకి వరదొచ్చిన ఏడు.
సగం కుర్చీలు ఖాళీ. ఫ్యాన్ల గోల.
బిడ్డ పోయిన తల్లి వేషం.
"నాయనా" అంది, ఆగింది.
అందించాను, తీసుకోలేదు.
గట్టిగా అందించాను, ముందు వరస నన్ను వినే ఉంటుంది.
మస్తాను శ్రుతి వదలకుండా నాకేసి చూశాడు.
నా పుస్తకంలో ఆ చోట ఖాళీ లేదు,
పద్యం ఉంది, నాలుగు పాదాలూ, నా అక్షరాలే.

ఆమె చేతిలో ఒక చిన్న చొక్కా.
మడత పెట్టింది.
విప్పింది.
మళ్ళీ మడత పెట్టింది, ఈసారి గుండీలు పెట్టి.
ఒన్స్ మోర్ అనే ఊరు
ఆ రాత్రి నోరెత్తలేదు.

తర్వాత రంగు తుడుచుకుంటూ
కొబ్బరినూనె చేత్తో నా చెంపమీద తట్టి,
"మరిచిపోయాననుకున్నావుటోయ్?
పాడటం మీసం అంటించిన రోజే వచ్చేసింది.
ఇది ఇప్పటికి వచ్చింది."

ఆ నాటకం మళ్ళీ వెయ్యలేదు.
టార్చిలో సెల్లులు మనవడు బొమ్మకారుకి వేసుకున్నాడు.
పుస్తకం నా దగ్గరే ఉంది.
ఆ పద్యం పక్కన, అంచు మీద, పెన్సిలుతో,
ఎవడైనా నా తర్వాత స్టూలెక్కితే చదువుకుంటాడని:
ఇక్కడ అందించకు.