చీటీల జాగ

కొత్తవాడ గల్లీల
జంపఖానా మూలకు చీటీ కుడుతున్నడు
కంపెనీ పిలగాడు.
ఫోన్ పెడితే నా పేరొస్తదట.
రంగు దానిమ్మ తొక్కదని,
మగ్గం మీది లైటు నిన్నటి ఎండేనని,
మోరీలకు విషం పోలేదని
ఎక్కడో కొన్నోళ్లు చదువుకుంటరట.

మంచిదే బిడ్డా.
మరి కండెలు చుట్టిన సాంబలక్ష్మి?
పుట్టినప్పటి సంది మాట లేదు, వినికిడి లేదు.
పోగు తెగితే
నా కంటికన్న ముందు ఆమె వేలికే తెలుస్తది.

"ఒక్క పేరే పడుతది తాతా."

అంత పెద్ద మిషిన్ల
నాలుగక్షరాలకు జాగ లేదా?
కుట్టిన చీటీ నేనే విప్పి చేతుల పెట్టిన.

పది రోజులకు మళ్లొచ్చిండు.
ఫోన్ ఆమె ముంగట పెట్టిండు.

చదువు రాని సాంబలక్ష్మి
అద్దం మీది తన పేరును
మెల్లగ తడిమింది,
ఎక్కడన్న తెగిందేమో అని.