ఫలితాలు: సున్నా

గ్రీమ్స్‌పేటలో పంక్చర్ షాపు మిద్దెమీద
మా ఆఫీసు. ఐదు కంప్యూటర్లు, ఒక యూపీఎస్ మూలుగు.
బైబిల్లో మాటల్ని వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ మాది.
నా వంతు క్రియలు.
ఏడ్చెను, ఏడ్చుచు, ఏడ్వకుము, ఏడ్చినయెడల
అన్నిటినీ తోలుకొచ్చి ఒక్క ధాతువుకి కట్టెయ్యాలి,
సంతలో మేకల్ని ఒకే గుంజకి కట్టినట్టు.
నేను చర్చికి పోను. మాది గంగమ్మకి అంబలి పోసే ఇల్లు.
సంధులు విడగొట్టడం వచ్చని పెట్టుకున్నారు.

శుక్రవారం దీవెనమ్మ వచ్చింది
వాడి చూసి చెప్పడానికి, యాదమరి నుంచి.
బస్సు టికెట్టు ఇంకా గుప్పిట్లోనే ఉంది.
ఒక్క వేలితో, అక్షరం అక్షరం దగ్గరా ఆగి
కొట్టింది:
ఏడస్తా వుండా.

ఫలితాలు: సున్నా.

"మన మాట దాంట్లో లేదు గదా నాయనా"
అని నవ్వింది. కళ్లద్దాలు తుడుచుకుంది.
టీ సగం తాగి
నాలుగున్నర బస్సుకి పోయింది.

కరెంటు పోయి, వచ్చింది.
పట్టిక అడుగున ఒక వరస చేర్చాను:
ఏడస్తా వుండా.
దాని కింద, ఎవరూ అడక్కపోయినా,
మా యమ్మ మాట ఒకటి: ఏడవబాక.

మళ్లీ వెతకమన్నాను.
తెర మీద చక్రం తిరుగుతోంది.
కింద షాపులో
ట్యూబుని నీళ్లలో ముంచి
బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తున్నారు.