పండమేరులో తెడ్లు

లైబ్రరీలో చెదలు తినగా మిగిలిన పుస్తకంలో
ఆ బొమ్మను కనిపెట్టింది పెన్నోబులేసు.

జొన్నాకు మాదిరి సన్నటి పడవ.
అందులో వరసగా ఎనిమిదిమంది మీసాల పిల్లోళ్లు,
ఒడ్డున గొడుగులు పట్టిన దొరసానులు.
కింద ఒక ముక్క: కాలేజీల పడవపందెం,
అమెరికా, పద్దెనిమిదివందల డెబ్బై...
ఆపైన అంకెను పురుగు మింగేసింది.

పక్క పేజీ కూడబలుక్కుని చదివి చెప్పినాడు:
"ఆళ్లూ మన మాదిరే హాస్టలు పిల్లోళ్లంటప్పా.
కోడికూతకు గంట కొడితే లేసి దండం పెట్టుకోవాలంట.
అర్థంగాని లాటినేదో బట్టీ పట్టాలంట.
కూడు బాగలేదని ఒకనాడు
మెస్సులో రొట్టెలు ఇసిరి కొట్టినారంట!"
ఆ ఒక్క మాటతో
నూరేళ్ల అవతలి మీసాలు మాకు చుట్టాలైనాయి.

మాది అనంతపురం.
ఇక్కడ వరసలో నిలబడేవి బిందెలే.
ఊరి పక్కన పండమేరు, పేరుకే వంక.
మేము చేరిన రెండేళ్లలో అందులో పారినవి
ఇసుక లారీలు.

అయినా పడవ దిగింది.
ఫిజిక్సు గదిలో ఒక కాలిరిగిన పొడుగు బెంచీని
రాత్రి పదింటికి గోడ దాటించినాము.
బూజుకర్రలు, పందిరిగుంజలు,
కుళ్లాయప్ప వాళ్ల మామ ఇచ్చిన పాత మేడికోల,
దొరికిందల్లా తెడ్డే.

ఎనిమిదిమందీ ఎనక్కి తిరిగి కూర్చోవాల,
బొమ్మలో అట్లే ఉంది.
పోయే దిక్కు ఎవరికీ కనపడదు,
వదిలొచ్చిన ఒడ్డే కనపడతాది.
కొసన ఎదురుగా కూర్చున్న బక్కోడొక్కడే
ముందుకు చూస్తాడు, అరుస్తాడు.
ఆ చోటు వన్నూరప్పది.
బరువు ముప్పైఎనిమిది కిలోలు,
మెస్సు బాకీ నూటపది రూపాయలు.

"లాగు!" అన్నాడు. లాగినాము.
"ఇంగా లాగు!" భుజాలు ఊడేటట్టు లాగినాము.
బెంచీ జానెడు కదల్లేదు.
చెంబులతో వంకలోకొచ్చిన ముసలోళ్లు ఆగి
"ఏమ్రా, చెలమ తవ్వుతుండారా?" అని నగినారు.

నగితే నగినారు గానీ,
నెల తిరిగేసరికి
కుడిపక్క మూడో తెడ్డు దిగే చోట తడి పుట్టింది.
గొర్రెలు తోలుకొచ్చిన చౌడమ్మ
దోసిలితో తోడుకుని తాగి
మా పక్క చూసి ఏమీ అనకుండా పోయింది.
మాకొచ్చిన బహుమతి అదొక్కటే.

దసరా సెలవుల ముందు నోటీసుబోర్డులో
బాకీల పట్టీ అంటించినారు.
వన్నూరప్ప ట్రంకుపెట్టె ఎత్తుకుని
తాడిపత్రిలో బండలు కోసే ఫ్యాక్టరీకి పోయినాడు.
పోతా పోతా ఈల నా చేతిలో పెట్టినాడు.
నేను ఊదలేదు.
వాని చోట ఒక ఇటుక పెట్టినాము.
లాగమని చెప్పేవాడు లేక
లాగినాము ఇంకో నాలుగు రోజులు.

ఆ తర్వాత ఒక రాత్రి ఎగువన చెరువు తెగింది.
తెల్లారి చూస్తే
పండమేరు ఒడ్డులు ఒరుసుకుని పారుతాంది,
ఎర్రగా, కంపచెట్లను మోసుకుని.
ఆ నడిమధ్య మా బెంచీ,
మూడు కాళ్లూ పైకెత్తుకుని,
ఎవరూ లాగకుండానే పోతాంది!

ఎనిమిదిమందిమీ గట్టు మీద పరిగెత్తినాము,
చెప్పుల్లేకుండా, ముండ్లలో,
గొంతులు పగిలేటట్టు కేకలేసుకుంటా.
ఈసారి మా ముఖాలు ముందుకే ఉన్నాయి.
వంతెన దాటేదాకా కనపడింది.
ఇటుక మాత్రం ఎక్కడో
ఇసుకలోనే దిగబడిపోయింటుంది.

దండుగ మనిషికి రూపాయిన్నర.
గుమాస్తా సంజీవరాయుడు పద్దు తెరిచి
"బెంచీ ఏమైంది?" అని అడిగినాడు.
"నీళ్లకు కొట్టుకుపోయింది సార్."
కలం ఆపి మమ్మల్ని ఒక్కొక్కర్నే చూసినాడు.
"అనంతపురంలోనా? ఆడిటోళ్లు నమ్మరు నాయనా."
కళ్లజోడు సర్దుకుని
గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు:
చెదలు తినేసింది.